సింగిల్ యాక్షన్ రివాల్వర్ తయారీ చరిత్ర: సేకర్తల పరిశోధన పద్ధతి, పొదిలి ప్రాంతం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సింగిల్ యాక్షన్ రివాల్వర్ 19వ శతాబ్దపు యంత్రయుగంలో లక్షల సంఖ్యలో తయారైన ఆయుధం. ప్రతి రివాల్వర్‌పైనా ఒక వరుససంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఆధారంగా తయారీ సంవత్సరాన్ని, మొదట చేరిన చోటును, తరువాత జరిగిన మార్పులను నిర్ణయించే పద్ధతిని పాత ఆయుధాల సేకర్తలు విశ్వవిద్యాలయాల వెలుపల రూపొందించుకున్నారు. ఆ పద్ధతిని పరిచయం చేసి, శాసన పరిశోధనతో దానికి ఉన్న పోలికను చూపి, తెలుగు నేలపై ఆయుధాల చరిత్రకు మిగిలిన ఆధారాలు ఏవో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం. కర్మాగారం లెక్క, ప్రభుత్వ లైసెన్సు, కుటుంబ స్మృతి అనే మూడు ఆధారాలను కలిపి చదివినప్పుడే వస్తువు చరిత్ర తెలుస్తుందని, మన దగ్గర ఆ మూడూ కలవకముందే వస్తువు కనుమరుగవుతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సింగిల్ యాక్షన్ రివాల్వర్, తయారీ చరిత్ర, వరుససంఖ్య, ఆయుధ చట్టం, మౌఖిక చరిత్ర, పొదిలి, భౌతిక సంస్కృతి.

1.0 ఉపోద్ఘాతం

1873లో జాన్ బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ మద్రాసులో అచ్చయింది. అప్పటికి పొదిలి ఆ జిల్లాలో ఒక భాగం. వెంకటగిరి సంస్థానం ఏలుబడిలోని జమీందారీ ప్రాంతం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లా అయింది. బాస్వెల్ గ్రంథం వెలువడిన 1873లోనే అమెరికా సైన్యం కోల్ట్ సంస్థ తయారుచేసిన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' రివాల్వర్‌ను స్వీకరించి, 8,000 ఆయుధాలకు తొలి ఉత్తర్వు ఇచ్చింది.

ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం లేదు. కాని రెండూ ఒకే యుగధర్మానికి గుర్తులు. మనుషుల్నీ భూముల్నీ పన్నుల్నీ లెక్కగట్టి పుస్తకానికి ఎక్కించడం ఒకటి. ఇనుమును ఒకే కొలతకు మలిచి, అంకె వేసి, చిట్టాకు ఎక్కించడం రెండవది. మొదటిదాన్ని చదవడం మనకు అలవాటే. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలను తాలూకాల వారీగా, పొదిలి శాసనాలతో సహా, సంఖ్యల ఆధారంగానే నేటికీ ఉదాహరిస్తున్నాం. రెండవదాన్ని చదివే అలవాటు మాత్రం తెలుగు పరిశోధనలో దాదాపు లేదు. కర్మాగారంలో తయారైన వస్తువును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలి? ఈ ప్రశ్నకు సేకర్తలు చెప్పిన సమాధానం ఏమిటి? ఆ సమాధానం మన నేలకు ఎంతవరకు పనికివస్తుంది? ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిద్దాం.

2.0 పదం, వస్తువు

తెలుగులో ఆయుధవాచకాలు చాలావరకు అన్యదేశ్యాలు. 'తుపాకి' తురుష్క భాషల నుంచి వచ్చింది. 'ఫిరంగి' యూరప్ వాసులను సూచించిన 'ఫ్రాంకు' శబ్దానికి పారశీక, హిందుస్థానీ మార్గంలో ఏర్పడిన రూపం; మనిషి పేరు మనిషి తెచ్చిన ఆయుధానికి స్థిరపడింది. పిస్తోలు, రివాల్వర్ అనే మాటలు ఆంగ్లేయుల పాలనతో నిలదొక్కుకున్నాయి. అయితే వ్యవహారంలో 'తుపాకి' అన్న ఒక్క మాటే వీటన్నిటినీ కప్పివేస్తుంది. నోటినుంచి మందుగూరే నాటు తుపాకి, పోలీసు కార్బైను, జమీందారు నడుముకు వేలాడే రివాల్వర్ అన్నీ తుపాకులే. 'తుపాకి రాముడు' అన్న జాతీయంలో ఈ భేదం అక్కరలేదు గాని చరిత్రకారుడికి తప్పనిసరి.

రివాల్వర్‌లో తూటాలు ఉండే సిలిండర్ తిరుగుతుంది. ఒక్కో అర వరుసగా గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. సింగిల్ యాక్షన్ రకంలో కాల్చేవాడు ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి. ఆ లాగుడుతోనే సిలిండర్ ఒక అర తిరిగి బిగుసుకుంటుంది. తరువాత ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ విడుదలవుతుంది. ట్రిగ్గర్ చేసే పని ఆ ఒక్కటే కనుక దానికి ఆ పేరు వచ్చింది. డబుల్ యాక్షన్ రకంలో ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ వెనక్కి లేచి, సిలిండర్ తిరిగి, తూటా పేలుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. డబుల్ యాక్షన్ రివాల్వర్లలో చాలావాటిని బొటనవేలితో కూడా ఎక్కుపెట్టవచ్చు. కాబట్టి ఎవరో వేలితో హ్యామర్ లాగడం చూశామన్న సాక్ష్యం ఒక్కటే ఆయుధం సింగిల్ యాక్షన్ అని తేల్చదు. ఈ విషయం ఈ వ్యాసంలో మళ్లీ అవసరమవుతుంది.

3.0 తయారీ చరిత్ర

శామ్యూల్ కోల్ట్ 1835లో ఇంగ్లండులోను, 1836 ఫిబ్రవరి 25న అమెరికాలోను రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. పాటర్సన్ పట్టణంలో నెలకొల్పిన తొలి కర్మాగారం కొనేవారు లేక 1842లో మూతపడింది. మెక్సికో యుద్ధకాలంలో, 1847లో, శామ్యూల్ వాకర్ అనే సైనికాధికారి సూచనలతో తయారైన భారీ రివాల్వర్ కోల్ట్‌ను నిలబెట్టింది. అప్పటికి అతనికి సొంత కర్మాగారమే లేదు. ఆ ఆయుధాలు ఎలీ విట్నీ జూనియర్ కర్మాగారంలో తయారయ్యాయి. సైన్యానికి ఇచ్చిన 1,000, బయట ఇచ్చిన 100, మొత్తం 1,100. సైన్యానికి ఇచ్చిన వాటిపై అంకెలు ఒకే వరుసలో ఉండవు. ఏ, బీ, సీ, డీ, ఈ అనే దళాల పేర్లతో విడివిడిగా మొదలవుతాయి. సంఖ్య చిన్నదైతే ఆయుధం పాతదన్న సూత్రం ఇక్కడే విఫలమవుతుంది.

తరువాత హార్ట్‌ఫర్డ్ నగరం ఈ పరిశ్రమకు కేంద్రమైంది. 1851 నాటి 'నేవీ' నమూనా అక్కడ రెండు లక్షలకు పైగా తయారైంది. అదే ఏడాది లండన్ మహాప్రదర్శనలో కోల్ట్ తన ఆయుధాలను చూపాడు. 1853లో లండన్‌లోని పిమ్లికోలో కర్మాగారం తెరిచి, కొద్ది సంవత్సరాలకే మూసివేశాడు. అక్కడ తయారైన దాదాపు 42,000 నేవీ రివాల్వర్లకు వేరే సంఖ్యాక్రమం, లండన్ పరీక్షాముద్రలు ఉంటాయి. అంటే ఒకే నమూనాలో ఒకే అంకె గల రెండు రివాల్వర్లు ఉండవచ్చు. రెండూ అసలైనవే.

సిలిండర్‌కు ఆరపార రంధ్రం చేసి లోహపు తూటాను వెనుకనుంచి అమర్చే పద్ధతికి 1855లో రోలిన్ వైట్ పేటెంటు పొందాడు. ఆ హక్కు స్మిత్ అండ్ వెసన్ సంస్థ చేతికి వెళ్లింది. దాంతో 1869లో పేటెంటు గడువు తీరే వరకు కోల్ట్ సంస్థ మందూ గుండూ విడివిడిగా కూరే రివాల్వర్లతోనే నెట్టుకు రావలసివచ్చింది. ఆ ఆటంకం తొలగిన తరువాత రూపొందినదే 1873 నాటి .45 క్యాలిబర్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. ఆశ్వికదళానికి 7.5 అంగుళాల గొట్టంతో ఇచ్చారు. పౌరుల విపణిలో 'పీస్‌మేకర్' అన్న పేరు పొందింది. 1940లో ఆపేనాటికి వరుససంఖ్య 357,859కి చేరింది. యుద్ధం తరువాత టెలివిజన్‌లో కౌబాయ్ కథలకు ఆదరణ పెరిగి, పాత ఆయుధానికి కొత్త గిరాకీ పుట్టింది. రూగర్ సంస్థ 1953లో సొంత సింగిల్ యాక్షన్ నమూనాతో ముందుకు రాగా, కోల్ట్ సంస్థ 1956లో తయారీని తిరిగి మొదలుపెట్టింది. ఈ కొత్త వరుసకు అంకె చివర 'ఎస్‌ఏ' అనే అక్షరాలు చేర్చారు. సేకర్తలు వీటిని తొలి తరం, రెండో తరం, 1976 తరువాతి మూడో తరం అని విభజించుకున్నారు.

4.0 సేకర్తల పరిశోధన పద్ధతి

న్యాయవాది జాన్ పార్సన్స్ 1950లో 'ది పీస్‌మేకర్ అండ్ ఇట్స్ రైవల్స్' ప్రకటించాడు. 1976లో గ్రాహమ్, కోపెక్, మూర్ కలిసి ఈ ఒక్క రివాల్వర్‌పైనే బృహద్గ్రంథం వెలువరించారు. కర్మాగారపు రవాణా చిట్టాలను, ప్రభుత్వ తనిఖీ పత్రాలను, వందలాది ఆయుధాలను పక్కపక్కన పెట్టి చదవడం వీరి పద్ధతి. అందులో మూడు అంశాలు మన పరిశోధకులకు ఉపయోగపడతాయి.

4.1 చెక్కిన తేదీ తయారీ తేదీ కాదు

తొలి తరం రివాల్వర్ల చట్రంపై 1871 సెప్టెంబరు 19, 1872 జులై 2, మరికొంత కాలం తరువాత 1875 జనవరి 19 అన్న తేదీలు కనిపిస్తాయి. ఇవి పేటెంటు తేదీలు. 1900 తరువాత తయారైన ఆయుధంపైనా ఉంటాయి. ఆ తేదీలను చూసి 1871 నాటి రివాల్వర్ అనుకోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. శాసన పరిశోధకులకు ఈ చిక్కు కొత్తది కాదు. దానం జరిగిన తేదీ వేరు, రాతిపై చెక్కిన కాలం వేరు కావచ్చు. పాత రాజు పేరుతో, పాత శకసంవత్సరంతో తరువాతి కాలపు లిపిలో పుట్టిన కూటశాసనాలను లిపి పరిణామం ఆధారంగానే గుర్తిస్తాం. రివాల్వర్‌కు అక్షరముద్రల ఆకారం, చట్రం నిర్మాణం, తనిఖీదారు పొడి అక్షరాలు ఆ లిపి చేసే పనే చేస్తాయి. ఉదాహరణకు 'ఓ.డబ్ల్యు.ఏ.' అన్న అక్షరాలు ఆర్విల్ ఐన్స్‌వర్త్ అనే తనిఖీదారువి. అవి సైన్యానికి చేరిన తొలినాటి ఆయుధాలపై ఉంటాయి.

4.2 సంఖ్యలు కలవకపోవడమూ చరిత్రే

రివాల్వర్ ప్రధాన భాగాలన్నిటిపై ఒకే సంఖ్య ఉండడం అసలుదనానికి గుర్తుగా భావిస్తారు. కాని 1890ల రెండో సగంలో అమెరికా ప్రభుత్వం సైన్యం దగ్గరున్న పాత రివాల్వర్లను వెనక్కి తెప్పించి, 7.5 అంగుళాల గొట్టాలను 5.5 అంగుళాలకు కుదించి తిరిగి పంపింది. ఆ మరమ్మతులో విడదీసిన భాగాలను ఏవి ఏ ఆయుధానివో చూడకుండా కలిపి బిగించారు. వీటినే 'ఆర్టిలరీ' నమూనా అంటారు. ఈ రకంలో సంఖ్యలు కలవకపోవడమే సహజం; అన్నీ చక్కగా కలిస్తేనే జాగ్రత్తగా పరీక్షించాలి. తాళపత్ర ప్రతుల పరిష్కర్తకు ఈ తర్కం తెలిసినదే. అతికినట్టు సరిపోయే పాఠం ఒక్కోసారి లేఖకుడి దిద్దుబాటు కావచ్చు.

4.3 అంకెకు విలువ కట్టినప్పుడు

అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం 1898 లేదా అంతకుముందు తయారైన ఆయుధాన్ని పురాతనంగా పరిగణించింది. కాబట్టి ఆ సంవత్సరాంతానికి వరుససంఖ్య ఎంతవరకు వచ్చిందన్నది చట్టపరమైన ప్రశ్న అయింది. ధర విషయంలోనూ అంతే. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ వద్ద సూ, షయాన్ తెగల చేతిలో కస్టర్ దళం నాశనమైంది. ఆ 7వ ఆశ్వికదళం వద్ద ఉన్నవి ఈ రివాల్వర్లే. ఆ దళానికి చేరిన ఆయుధాల సంఖ్యలకు దగ్గరగా ఉన్న ఏ రివాల్వర్ దొరికినా దాని చుట్టూ కథ అల్లుకుంటుంది. కథ ధరను పెంచుతుంది. ధర నకిలీని పుట్టిస్తుంది. అందుకే వస్తువును కొనాలి గాని కథను కొనకూడదన్నది ఈ రంగంలో మొదటి పాఠం. 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫర్డ్ కర్మాగారంలో చెలరేగిన అగ్నిప్రమాదం వంటివి లెక్కల్లో ఖాళీలు మిగిల్చాయి. ఆ ఖాళీలను ఊహతో నింపకుండా ఉండడం రెండవ పాఠం.

5.0 భారతదేశంలో రివాల్వర్

భారతదేశానికి వచ్చిన రివాల్వర్లలో సింగిల్ యాక్షన్ రకం కొద్దికాలమే నిలిచింది. 1851లో రాబర్ట్ ఆడమ్స్ ఇంగ్లండులో ట్రిగ్గర్‌తోనే పేలే రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. 1856లో బోమాంట్ చేసిన మార్పుతో దాన్ని రెండు విధాలా ఎక్కుపెట్టే వీలు కలిగింది. సొంత డబ్బుతో ఆయుధం కొనుక్కునే ఆంగ్లేయ అధికారులు 1857 తిరుగుబాటు కాలంలో కోల్ట్, ఆడమ్స్ రకాలు రెండూ వాడారు. తరువాత బ్రిటిష్ సేవలో డబుల్ యాక్షన్ స్థిరపడింది. 1887లో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ రివాల్వర్ అధికారికంగా స్వీకృతమైంది. అందువల్ల మన ప్రాంతంలోని పాత రివాల్వర్ చరిత్రను అన్వేషించేవారికి హార్ట్‌ఫర్డ్ చిట్టాల కంటే బర్మింగ్‌హామ్ పరీక్షాముద్రలు ఎక్కువగా పనికివస్తాయి.

ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్నది మొదటినుంచీ పాలకుల నిర్ణయమే. లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. కొందరు సంస్థానాధీశులకు, పెద్ద జమీందారులకు కూడా మినహాయింపులు దక్కాయి. ఈ వివక్షను కాంగ్రెసు తన తొలి దశాబ్దాల్లోనే ఆక్షేపించింది. స్వతంత్ర భారతంలో 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 13వ సెక్షన్ పంటల రక్షణకు నోటినుంచి మందుగూరే తుపాకిని ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. రివాల్వర్‌కు అలాంటి సౌలభ్యం లేదు. అంటే అడవిపంది నుంచి చేనును కాపాడుకోవలసిన రైతుకు ఒక రకం తుపాకి, ఆస్తినీ ప్రాణాన్నీ కాపాడుకోవాలని దరఖాస్తు చేసే సంపన్నుడికి మరో రకం. పత్తి, మిరప, పొగాకు పండే ఈ మెట్ట ప్రాంతంలో రివాల్వర్ లైసెన్సు ఆయుధం కంటే ముందు హోదాకు చిహ్నమని చెప్పడానికి ఈ భేదమే ఆధారం.

సేకరణ విషయంలో మన చట్టం కఠినమైనది. 45వ సెక్షన్ కాలం చెల్లిన, పురాతన విలువ గల ఆయుధానికి మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా పేలే స్థితిలో లేని ఆయుధానికే అది వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కావచ్చు. కాని పేలగలిగితే ఆయుధ చట్టం దాన్ని వదలదు. 2019 సవరణ ఒక వ్యక్తి వద్ద ఉండదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఈ కట్టుబాటును తప్పుపట్టడం ఈ వ్యాస ఉద్దేశ్యం కాదు. హింస జరిగే అవకాశాన్ని తగ్గించడం రాజ్య ధర్మం. కాని దాని పర్యవసానంగా మన దగ్గర ఆయుధ చరిత్ర ప్రైవేటు సేకర్తల చేతుల్లో పెరగలేదు. ఆ బాధ్యత మ్యూజియాలది, పత్రభాండారాలది, పరిశోధకులది అవుతుంది.

6.0 తెలుగు నేలపై మిగిలిన ఆధారాలు

తయారీ చరిత్ర అంటే విదేశీ కర్మాగారాల చరిత్రే కానక్కరలేదు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కును ఖడ్గాల కోసం పారశీక వర్తకులు కొనుక్కుపోయేవారు. 19వ శతాబ్దం తొలి పాదంలో ఆ పనిని స్వయంగా చూసిన వాయిసీ వివరాలు రాసిపెట్టాడు. 18వ శతాబ్దం చివర హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు నేటికీ గన్‌ఫౌండ్రీగా పిలవబడుతోంది. ఈ రెండు చోట్లా కోల్ట్ కర్మాగారంలో వలె అంకె వేసి చిట్టా రాసే పద్ధతి లేదు. ఊరి పేరు, వాడ పేరు మిగిలాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల విభాగం వంటివి వస్తువును చూపుతాయి. వస్తువుకూ తయారీకీ మధ్య లంకెను పరిశోధకుడే వెతుక్కోవాలి.

తెలుగు చరిత్రలో ఆయుధాల లెక్క ఇంత స్పష్టంగా నిలిచిన సందర్భం ఒకటుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడిచేసి 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయ్‌నెట్లు స్వాధీనం చేసుకుంది. మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు దొరికాయి. మూడు రోజుల్లో మొత్తం 26. తీసుకున్న ఆయుధాల వివరాలు స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం చేయడం ప్రసిద్ధం. దీన్ని సాహసంగా, సత్యనిష్ఠగా మన రచయితలు కీర్తించారు. ఆధారాల చరిత్ర దృష్టితో చూస్తే మరో అర్థం తోస్తుంది. ఆయుధం ఎవరిదో రాసే అధికారం ప్రభుత్వానిది. ఆ ప్రభుత్వ పుస్తకంలోనే, దాని పద్ధతిలోనే ఆయుధం చేతులు మారిందని రాసి సంతకం పెట్టడం తుపాకిని పట్టుకోవడంతో సమానమైన ధిక్కారం. అవి రివాల్వర్లు కావు, పోలీసు కార్బైన్లు. 'తుపాకులు' అన్న తెలుగు మాట దగ్గర ఆగిపోతే ఈ తేడా తెలియదు.

7.0 ఒక లైసెన్సు పుస్తకం

పొదిలి సమీప గ్రామానికి చెందిన నా విద్యార్థి ఒకరు స్థానిక చరిత్రపై వ్యాసం రాస్తూ ఇంట్లో దొరికిన పాత లైసెన్సు పుస్తకాన్ని, ఖాళీ తోలుసంచిని తెచ్చి చూపారు. రివాల్వర్ లేదు. తాతగారు పోయాక వారసులెవరూ లైసెన్సు కోరలేదు, ఆయుధాన్ని అప్పగించారు. ఇంట్లో నిలిచిన కథ మాత్రం బలమైనది. అది 'కుంఫిణీ దొర' మెచ్చి ఇచ్చిన తుపాకి అని, తాతగారు బొటనవేలితో టక్కున లాగి చూపేవారని నాయనమ్మగారు చెప్పారు. సినిమాల్లో చూసిన కౌబాయ్ తుపాకి అదేనని విద్యార్థి నమ్మకం. వ్యాసం శీర్షిక కూడా ఆ మేరకే పెట్టుకున్నారు.

లైసెన్సు పుస్తకంలోని ఆయుధ వివరాల గడిలో '.32 రివాల్వర్, వెబ్లీ అండ్ స్కాట్' అని, దాని కింద ఒక సంఖ్య ఉంది. ఈ ఒక్క పంక్తి చాలా సంగతులు చెబుతుంది. వెబ్లీ, స్కాట్ సంస్థలు విలీనమైనది 1897లో. కాబట్టి ఆ రెండు పేర్లూ కలిసి ఉన్న ఆయుధం అంతకుముందుది కాజాలదు. ఈస్టిండియా కంపెనీ పాలన 1858లో ముగిసింది. మధ్యలో 39 ఏళ్ల ఎడం. ఆ సంస్థ .32 రివాల్వర్ డబుల్ యాక్షన్ రకం. వేలితో లాగినంత మాత్రాన సింగిల్ యాక్షన్ కాదని పైన చెప్పుకున్నాం. ఇలా కథలోని రెండు అంశాలూ నిలవలేదు.

ఇది చెప్పినప్పుడు నాయనమ్మగారు నొచ్చుకున్నారు. "అయితే మా మామగారు అబద్ధం చెప్పినట్టా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. తరువాత ఆలోచిస్తే తప్పు కథలో కంటే నా చదువులో ఎక్కువగా ఉందని తోచింది. 'కుంఫిణీ' అన్న మాటను నేను పాఠ్యపుస్తకంలోని అర్థంతో చదివాను. జనవ్యవహారంలో ఆ మాట కంపెనీ పోయిన తరువాత కూడా తెల్లవారి ప్రభుత్వమంతటికీ పర్యాయంగా వాడడం కద్దు. ఆ అర్థంలో తీసుకుంటే 1897కూ 1947కూ మధ్య ఏ అధికారి అయినా 'కుంఫిణీ దొర' కావచ్చు. దొర ఇచ్చాడన్న అంశం రుజువు కాలేదు. కాని అసాధ్యమూ కాదు. అంకె కథకు కాలపరిమితిని నిర్ణయించింది. పదం కథను పూర్తిగా కొట్టివేయకుండా కాపాడింది. తెలుగు పరిశోధకుడు ఈ రంగంలోకి తేగలిగినది ఈ రెండవ నైపుణ్యమే.

ఆయుధమే ఉండి ఉంటే మరింత ముందుకు వెళ్లేవాళ్లం. బర్మింగ్‌హామ్ పరీక్షాముద్రల తీరు 1904లో మారింది. ముద్రను చూస్తే ఆ సంవత్సరానికి ముందుదో వెనుకదో తేలేది. గొట్టంపై అమ్మకందారు పేరు చెక్కి ఉంటే ఏ నగరంలో కొన్నారో తెలిసేది. వస్తువు లేకపోవడంతో పరిశోధన ఒక్క పంక్తి దగ్గర ఆగిపోయింది.

8.0 స్మృతికీ సంఖ్యకూ మధ్య

వస్తువు ఎప్పుడూ స్మృతిని ఖండిస్తుందని అనుకోకూడదు. పైన పేర్కొన్న లిటిల్ బిగ్‌హార్న్ రణభూమిలో 1983లో గడ్డి తగలబడి నేల బయటపడింది. ఆ తరువాత 1984, 1985లలో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వకాలు జరిపారు. తూటా కోశాల అడుగున పడిన గుర్తులను పోల్చి, ఏ ఆయుధం ఎక్కడెక్కడ పేలిందో విడివిడిగా గుర్తించారు. కస్టర్ దళం చివరివరకు క్రమం తప్పకుండా పోరాడిందన్న వీరగాథకు ఆ ఆధారాలు సరిపోలేదు. దళం చెదిరిపోయిందని చెప్పిన ఆదివాసీ యోధుల కథనాలకే అవి దగ్గరగా ఉన్నాయని రిచర్డ్ ఫాక్స్ 1993 నాటి గ్రంథంలో వాదించాడు. వందేళ్లపాటు పొంతన లేనివని పక్కనపెట్టిన మౌఖిక సాక్ష్యాలకు ఇనుపముక్కలు బలం చేకూర్చాయి.

ఈ ఉదాహరణ మనకు ముఖ్యమైనది. మన్యం పోరాటం, తెలంగాణ సాయుధ పోరాటం వంటి ఉద్యమాల చరిత్రలో మౌఖిక కథనాలు విస్తారంగా ఉన్నాయి. వాటిని భావోద్వేగంతో అంగీకరించడమో, పత్రాధారం లేదని తోసిపుచ్చడమో జరుగుతోంది. వస్తువును చదివే మూడవ మార్గం కూడా ఉంది.

9.0 ముగింపు

సింగిల్ యాక్షన్ రివాల్వర్ చరిత్రను ఇంత సూక్ష్మంగా తెలుసుకోగలగడానికి కారణం ఆ ఆయుధం గొప్పతనం కాదు. దాని లెక్క, దాని రూపం, దాని కథ మూడూ పరీక్షకు అందుబాటులో ఉండడమే కారణం. మన దగ్గర పరిస్థితి వేరు. కర్మాగారపు లెక్క సముద్రం అవతల ఉంది. లైసెన్సు వివరాలు కార్యాలయాల్లో ఉన్నాయి. కథ ఇంట్లో, వయసుమళ్లిన వారి నోట్లో ఉంది. అప్పగించిన ఆయుధం పరిశోధకుడికి కనిపించదు. మూడూ ఒకచోట కలిసే అవకాశం ఏటేటా తగ్గిపోతోంది.

ఇందుకు ఆయుధాలు సేకరించనక్కరలేదు, చట్టం సడలించనూ అక్కరలేదు. కాలం తీరిన ఆయుధం ప్రభుత్వపరమై నాశనం కాకముందు దానిపై ఉన్న పేరు, సంఖ్య, పరీక్షాముద్రలు, క్యాలిబర్ నమోదుచేసి రెండు ఛాయాచిత్రాలు తీస్తే చాలు. యజమానుల పేర్లు బయటపెట్టకుండానే ఆ వివరాలను జిల్లా పత్రభాండారంలో భద్రపరచవచ్చు. స్థానిక చరిత్రపై పనిచేసే డిగ్రీ, పీజీ విద్యార్థులు పాత లైసెన్సు పుస్తకాలను, వాటి వెంట నిలిచిన కథలను సేకరించవచ్చు. నాయనమ్మగారి మాటను ఆమె వాడిన పదాలతోనే రాసుకోవాలి. 'కుంఫిణీ'ని 'బ్రిటిష్ ప్రభుత్వం'గా దిద్దకూడదు.

నా విద్యార్థి తన వ్యాసం శీర్షిక మార్చుకున్నారు. అమెరికా తుపాకి అన్న మాట పోయింది. లైసెన్సులోని పంక్తినీ, నాయనమ్మగారి వాక్యాన్నీ పక్కపక్కనే ఉంచి, వాటి మధ్య తేలినదెంతో తేలనిదెంతో రాశారు. ఆ వ్యాసాన్ని నాయనమ్మగారికి చదివి వినిపించారు. ఆమె అడిగిన ప్రశ్నకు అందులో సమాధానం ఉంది.